ఫ్యాక్స్ టోన్ ఇవ్వండి

"హలో, ఒక కాగితం పంపాలండీ. ఫ్యాక్స్ టోన్ ఇవ్వండి." పాతిక ముప్ఫై ఏళ్ల కిందట ఎస్టీడీ బూత్‌లోనో, ఆఫీసులోనో పనిచేసినవాళ్లకు ఈ మాట బాగా తెలుసు. అవతలివాళ్లు స్టార్ట్ మీట నొక్కేవారు. రిసీవర్‌లో సన్నగా ఒక కూత వినపడేది. ఆ వెంటనే గరగర, ఆపైన బుస్సుమంటూ ఒక హోరు. ఇవతలివాళ్లు కూడా మీట నొక్కి రిసీవర్ పెట్టేసేవారు. కాసేపటికి ఈ కాగితం మీది అక్షరాలు వందల కిలోమీటర్ల అవతల ఇంకో కాగితం మీద తేలేవి.

ఆ కూతకీ, ఆ గరగరకీ, ఆ హోరుకీ విడివిడిగా అర్థాలున్నాయి. అది రెండు యంత్రాలు మాట్లాడుకుంటున్న చప్పుడు. ఏం మాట్లాడుకునేవో ఈ పూట వివరంగా చెప్పుకుందాం. కాగితం మీది బొమ్మను తీగ వెంట పంపడం పెద్ద విషయమే. కానీ నా మనసుకు అంతకన్నా గొప్పగా తోచేది ఇంకొకటి ఉంది. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కంపెనీలు తయారుచేసిన, ఒకదాని ముఖం ఒకటి ఎరగని రెండు యంత్రాలు మొదటిసారి ఫోన్ కలవగానే పొరపొచ్చం లేకుండా పని చక్కబెట్టుకున్న తీరు అది.

ముందుగా ఆ తీగ సంగతి. టెలిఫోన్ లైను మనిషి గొంతు కోసం వేసింది. సుమారు 300 హెర్ట్జ్ నుంచి 3,400 హెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనులనే అది మోస్తుంది. మాట అర్థం కావడానికి ఆ మాత్రం చాలు. అంతకన్నా లోతైన నాదాన్నీ, అంతకన్నా సన్నటి కీచునీ దారిలోనే వదిలేస్తుంది. అందుచేత ఫ్యాక్స్ యంత్రం ఏం చెప్పదలుచుకున్నా, ఆ ఇరుకు సందులో పట్టే ధ్వనిగా మార్చి చెప్పాలి. ఆ మార్పు చేసే భాగాన్నే మోడెమ్ అంటారు. మనం విన్న చప్పుళ్లన్నీ దాని గొంతే.

ఇక సంభాషణ. మీరు కాగితం పెట్టి నంబరు తిప్పారు. అవతల మోగుతుండగానే మీ యంత్రం ఒక సంకేతం వదలడం మొదలుపెడుతుంది: 1,100 హెర్ట్జ్ స్వరం, అర సెకను సేపు. తర్వాత మూడు సెకన్ల మౌనం. మళ్లీ అర సెకను స్వరం. అవతల ఎత్తింది మనిషైతే, అది విని "ఇది ఫ్యాక్స్" అని గ్రహిస్తాడు. యంత్రమైతే సరే సరి. ఫోనూ ఫ్యాక్సూ ఒకే లైను మీద ఉన్న ఇళ్లలో, దుకాణాల్లో యంత్రం కనిపెట్టుకుని ఉండేది ఈ స్వరం కోసమే.

అవతలి యంత్రం లైను ఎత్తి తన జవాబు స్వరం ఇస్తుంది: 2,100 హెర్ట్జ్, సుమారు మూడు సెకన్లు. మనం "ఫ్యాక్స్ టోన్" అన్నది ముఖ్యంగా దీన్నే. "నేను యంత్రాన్నే, వచ్చాను" అని చెప్పడంతో పాటు ఈ స్వరం ఇంకో పని కూడా చేస్తుంది. దూరపు కాల్స్‌లో మన మాట మనకే ప్రతిధ్వనించకుండా టెలిఫోన్ వ్యవస్థలో ఎకో సప్రెసర్లనే పరికరాలు పెడతారు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవైపు నుంచి వచ్చే ధ్వనిని అవి నొక్కేస్తాయి. మనుషులకు అది మేలు. అటూ ఇటూ చకచకా జవాబులిచ్చుకునే యంత్రాలకు అది అడ్డం. ఈ 2,100 హెర్ట్జ్ స్వరం వినగానే ఆ పరికరాలు పక్కకు తప్పుకుంటాయి. అంటే మొదటి పలకరింపుతోనే దారి కూడా ఖాళీ అవుతుందన్నమాట.

ఆ తర్వాత వినపడే గరగరే అసలు మాటలు. ఇవి కావాలనే నెమ్మదిగా నడుస్తాయి: సెకనుకు 300 బిట్లు మాత్రమే. ఒకటికి 1,650 హెర్ట్జ్, సున్నాకు 1,850 హెర్ట్జ్. ఈ రెండు స్వరాలే. లైనులో ఎంత గోల ఉన్నా ఈ రెండింటి తేడా చెవికెక్కుతుంది. ఎదుటివాడి స్తోమత ఇంకా తెలియదు కాబట్టి అందరికీ అర్థమయ్యే వేగంతో మొదలుపెట్టాలన్నది ఇక్కడి నియమం.

ఆ భాషలో మొదట నోరు విప్పేది కాల్ అందుకున్న యంత్రం. తన చేతనైనవన్నీ అది వరసగా చెబుతుంది. "సెకనుకు ఇన్ని బిట్ల వేగం దాకా తీసుకోగలను. మామూలు నాణ్యతా సరే, సన్నని గీతల నాణ్యతా సరే. కాగితం వెడల్పు ఇది. తప్పులు దిద్దుకునే పద్ధతి నాకుంది." ఇష్టమైతే తన ఫోన్ నంబరు కూడా చెబుతుంది. పంపే యంత్రం అదంతా విని, తన శక్తితో సరిపోల్చుకుని, రెండింటికీ వచ్చినవాటిలో మేలైనది ఎంచుకుంటుంది. "సరే, ఈ వేగంతో, ఈ నాణ్యతతో పంపుతున్నాను" అని ఖాయం చేస్తుంది. అందుకునేవాడి శక్తిని బట్టే పంపేవాడు నడుచుకోవాలి. ఈ వ్యవస్థకు ప్రాణం ఆ నియమమే.

మాట కుదిరినా వెంటనే పేజీ పంపదు. లైను ఎలా ఉందో చూడాలి కదా. ఒప్పుకున్న వేగంతో ఒకటిన్నర సెకన్లపాటు వరసగా సున్నాలు పంపుతుంది. అవతలి యంత్రం వాటిని లెక్క చూస్తుంది. సున్నాలు సున్నాలుగానే అందితే "పంపవచ్చు" అంటుంది. మధ్యలో తప్పులు దొర్లితే "కుదరలేదు, మళ్లీ ప్రయత్నించు" అంటుంది. అప్పుడు పంపే యంత్రం ఒక మెట్టు దిగుతుంది. 14,400 బిట్ల దగ్గర మొదలైనది 12,000కు, అక్కడా కుదరకపోతే 9,600కు, 7,200కు, 4,800కు, చివరికి 2,400కు. వానాకాలంలో కేబుళ్లు తడిసి లైను గరగరలాడే రోజుల్లో ఒక్కో పేజీకి ఎక్కువసేపు పట్టిందంటే కారణం ఇదే. యంత్రం మొరాయించలేదు. ఆ లైను భరించగలిగే వేగం వెతుక్కుంది.

ఇప్పుడు పేజీ వంతు. లోపల ఒక దీపం కాగితాన్ని వెలిగిస్తుంది. కాంతిని గుర్తించే కణాల వరుస దాన్ని అడ్డంగా చదువుతుంది. ఒక వరుసకు 1,728 చుక్కలు. ఒక్కో చుక్క నలుపా, తెలుపా అన్నదే ప్రశ్న. మామూలు నాణ్యతలో మిల్లీమీటరుకు 3.85 వరుసలు, సన్నని నాణ్యతలో 7.7 వరుసలు. ఏ4 కాగితం పైనుంచి కిందికి మామూలు నాణ్యతలో సుమారు 1,143 వరుసలవుతుంది. మగ్గం మీద ఒక్కో పోగూ వేసుకుంటూ చీర నేసినట్టు, అవతలి యంత్రం ఈ వరుసలను ఒకదాని కింద ఒకటి వేసుకుంటూ పేజీని తయారుచేస్తుంది.

లెక్క వేసి చూడండి. 1,728 చుక్కలు, 1,143 వరుసలు. దాదాపు 20 లక్షల చుక్కలు. సెకనుకు 9,600 చొప్పున పంపితే దాదాపు మూడున్నర నిమిషాలు పడుతుంది. ఎస్టీడీ మీటరు గిర్రున తిరిగే కాలంలో మూడున్నర నిమిషాలంటే మాటలా? రాత్రి చార్జీలు తగ్గేదాకా ఆగి ఫోన్ చేసుకున్న రోజులవి.

దీనికి దొరికిన ఉపాయం చాలా అందమైనది. ఉత్తరంలో ఎక్కువ భాగం తెల్లకాగితమే. కాబట్టి చుక్కలన్నీ ఒక్కొక్కటిగా చెప్పే బదులు "ఇన్ని తెల్లవి, ఆపైన ఇన్ని నల్లవి" అని లెక్క చెబితే చాలు. తరచుగా వచ్చే లెక్కలకు పొట్టి సంకేతాలు, అరుదుగా వచ్చేవాటికి పొడుగు సంకేతాలు ఇవ్వాలి. 1952లో అమెరికాలోని ఎంఐటీలో చదువుకుంటున్న డేవిడ్ హఫ్‌మన్ కనిపెట్టిన పద్ధతికి ఇది ఒక రూపం. ఖాళీ వరుస ఒకటి తీసుకోండి. 1,728 తెల్ల చుక్కలు ఈ సంకేతంలో 17 బిట్లకు కుదించుకుపోతాయి. నలుపులో అన్నిటికన్నా పొట్టి సంకేతాలు, అంటే కేవలం రెండేసి బిట్లు, దేనికిచ్చారో తెలుసా? వరసగా రెండు నల్ల చుక్కలకూ, మూడు నల్ల చుక్కలకూ. మిల్లీమీటరుకు ఎనిమిది చుక్కల చొప్పున చూస్తే అది మిల్లీమీటరులో పావు వంతు నుంచి మూడో వంతుకు కాస్త పైదాకా ఉంటుంది. కలంతో గీసిన గీత మందం అది. మనిషి చేతిరాతనూ, టైపు అక్షరాలనూ కొలిచి చూసి కట్టిన సంకేతాలివి. అంతర్జాతీయ సంస్థ ఇందుకు వాడిన ఎనిమిది నమూనా కాగితాల్లో ఇంగ్లీషు ఉత్తరం ఉంది, ఫ్రెంచి పాఠం ఉంది, జపనీస్ లిపిలో ఒక పేజీ కూడా ఉంది.

ఇలా కుదించిన బిట్లను మోసుకెళ్లేదే మనకు వినపడే ఆ హోరు. అది చెవికి వట్టి గోలలా ఉంటుంది. దానికి కారణముంది. 9,600 వేగంలో 1,700 హెర్ట్జ్ స్వరాన్ని సెకనుకు 2,400 సార్లు మారుస్తారు. ప్రతిసారీ దాని బలాన్నీ, తరంగం మొదలయ్యే స్థానాన్నీ కలిపి పదహారు రకాలుగా మార్చవచ్చు. పదహారు రకాలంటే ఒక్కో మార్పులో నాలుగు బిట్లు ఇముడుతాయి. 2,400ను నాలుగుతో హెచ్చిస్తే 9,600. గొంతు కోసం వేసిన ఇరుకు తీగలోంచి అంత సమాచారం పిండుకున్నారన్నమాట.

పేజీ అయింది. మళ్లీ నెమ్మది భాష. "ఈ పేజీ అయిపోయింది, ఇంకొకటి ఉంది" అనో, "ఇదే ఆఖరు" అనో పంపే యంత్రం చెబుతుంది. చెప్పి ఊరుకోదు. అవతలి నుంచి "అందింది" అనే మాట వచ్చేదాకా ఆగుతుంది. రాకపోతే మళ్లీ అడుగుతుంది. మూడుసార్లు అడిగినా పలుకు లేకపోతే లైను తెంచేసి, పని కాలేదని మీకు కాగితం మీద అచ్చువేసి చెబుతుంది. పలుకు వస్తే సెలవు మాట ఒకటి చెప్పి పెట్టేస్తుంది. మీ చేతికొచ్చే నివేదిక మీద ఓకే అని పడుతుంది.

1980ల చివర్లో తప్పులు దిద్దుకునే పద్ధతి కూడా చేర్చారు. పేజీని చిన్న చిన్న ముక్కలుగా చేసి, ప్రతి ముక్కకూ నంబరు, సరిచూసుకునే గుర్తు పెట్టి పంపుతారు. అవతలి యంత్రం చెడిపోయిన ముక్కల నంబర్లు చెబితే వాటినే మళ్లీ పంపుతారు. ఈ పద్ధతి లేని పాత యంత్రాల్లో చెడిన వరుస చెడినట్టే ఉండిపోయేది. ఫ్యాక్స్ కాగితం మధ్యలో అడ్డంగా చెదిరిన గీతలు చూసినవాళ్లకు అది గుర్తుండే ఉంటుంది.

ఇంతటి సంభాషణ ఒక్క రోజులో కుదిరింది కాదు. 1980లో ఇది ప్రమాణంగా కుదిరేనాటికి దీని వెనక 137 ఏళ్ల కథ ఉంది. స్కాట్లండ్‌కు చెందిన గడియారాల పనివాడు అలెగ్జాండర్ బెయిన్ 1843లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. గ్రాహం బెల్ టెలిఫోను పేటెంటు 1876 నాటిది. అంటే ఫ్యాక్స్ ఆలోచన టెలిఫోను కన్నా 33 ఏళ్లు పెద్దది. బెయిన్ రెండు చివరలా లోలకాలు పెట్టాడు. ఒక లోలకం లోహపు అక్షరాల మీద నడుస్తుంటే, రెండోది రసాయనంలో తడిపిన కాగితం మీద నడిచి మరకలతో వాటిని గీస్తుంది. చిక్కల్లా రెండు లోలకాలూ ఒకే లయలో ఊగడం దగ్గర వచ్చింది. రెంటికీ లయ తప్పితే బొమ్మ వంకరపోతుంది. ఇటలీకి చెందిన మతాచార్యుడు జొవాన్నీ కసెల్లి ఈ పనిని ముందుకు తీసుకెళ్లి పాంటెలిగ్రాఫ్ అనే యంత్రం చేశాడు. 1865లో ఫ్రాన్సులో పారిస్, లియాన్ నగరాల మధ్య అది ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. దాన్ని వాడుకున్నవారిలో బ్యాంకులు ముఖ్యం. ఎందుకంటే సంతకం సరిచూసుకోవాలి. టెలిగ్రాఫు మాటను చేర్చగలదు గాని సంతకాన్ని చేర్చలేదు కదా.

ఆ తర్వాత వందేళ్లపాటు ఈ విద్య పత్రికల ఫొటోలకూ, వాతావరణ పటాలకూ ఉపయోగపడింది. ఆఫీసు బల్ల మీదికి రావడానికి 1966 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు జిరాక్స్ సంస్థ తెచ్చిన యంత్రం 46 పౌండ్ల బరువు, అంటే దాదాపు 21 కిలోలు. ఒక పేజీకి ఆరు నిమిషాలు. పైగా ఒక కంపెనీ యంత్రం మాట ఇంకో కంపెనీ యంత్రానికి అర్థం కాని రోజులవి. మీ దగ్గరున్నదే మీ స్నేహితుడి దగ్గరా ఉండాలి. లేకపోతే రెండూ మూగవే.

ఆ మూగతనాన్ని పోగొట్టింది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్. 1968లో మొదటి ప్రమాణం వచ్చింది, పేజీకి ఆరు నిమిషాలు. 1976లో రెండోది, మూడు నిమిషాలు. 1980లో మూడోది, గ్రూప్ 3, ఒక్క నిమిషం లోపు. ఇందాక నేను చెప్పిన చుక్కల లెక్క టీ.4 అనే పత్రంలో ఉంది. పలకరింపు నుంచి సెలవు దాకా సంభాషణ మర్యాదలన్నీ టీ.30 అనే పత్రంలో ఉన్నాయి. ప్రతి యంత్రమూ తప్పనిసరిగా చేయాల్సిన కనీసపు పనులను అందులో రాసి పెట్టారు. అంతకు మించిన తెలివితేటలు ఎవరైనా చేర్చుకోవచ్చు గాని, ఆ కనీసాన్ని ఎవరూ వదలడానికి వీల్లేదు. ఇది కుదిరాకే ఫ్యాక్స్ ప్రపంచమంతా పాకింది.

మనకు దీనితో ప్రత్యేకమైన సంబంధం ఒకటుంది. తీగ మీద టైపు మాటలు పంపే టెలెక్స్ యంత్రానికి రోమన్ అక్షరాలూ అంకెలే తెలుసు. తెలుగు మాట దాని మీద వెళ్లాలంటే వేషం మార్చుకోవాల్సిందే. ఫ్యాక్స్‌కు ఏ భాషా రాదు. నలుపు, తెలుపు మాత్రమే తెలుసు. అందుకే దానికి అన్ని భాషలూ సమానమయ్యాయి. ఒత్తులతో, గుణింతాలతో, చేతిరాతతో తెలుగు ఉన్నది ఉన్నట్టుగా టెలిఫోను తీగ వెంట నడిచింది. జిల్లాల్లోని విలేకరులు తెల్లకాగితం మీద రాసిన వార్త బూత్ నుంచి పత్రికాఫీసు డెస్కుకు చేరేది. జపాన్‌లో ఫ్యాక్స్ అంతగా వేళ్లూనుకోవడానికి కూడా ఒక ముఖ్య కారణం ఇదే. వేల కంజి అక్షరాలను మీటల మీద ఎక్కించడం కన్నా చేత్తో రాసి పంపడం వాళ్లకు సులువైంది. లిపి గొప్పదైనా మీటలు చాలని భాషలన్నిటికీ ఈ యంత్రం చేసిన మేలు నేను మరచిపోలేను.

దీని హద్దులు కూడా చెప్పుకోవాలి. నివేదిక మీద ఓకే పడితే అవతలి యంత్రానికి అందిందని అర్థం. మనిషికి అందిందని కాదు. 2018 నవంబరు 21న జమ్మూకశ్మీర్‌లో జరిగింది గుర్తు చేసుకోండి. ప్రభుత్వం ఏర్పాటు చేస్తామంటూ రాజ్‌భవన్‌కు లేఖ పంపబోతే ఫ్యాక్స్ అందుకోవడం లేదని అక్కడి మాజీ ముఖ్యమంత్రి మెహబూబా ముఫ్తీ బహిరంగంగా చెప్పారు. ఆ రోజు పండుగ సెలవు, ఆఫీసులో ఎవరూ లేరని గవర్నర్ సత్యపాల్ మాలిక్ తర్వాత అన్నారు. ఆ రాత్రే అసెంబ్లీ రద్దయింది. ఎవరి మాట ఎలా ఉన్నా, ముఖ్యమైన కాగితం పంపేటప్పుడు అవతల మనిషి ఉన్నాడో లేడో కనుక్కోవాలన్న పాఠం మాత్రం మిగిలింది.

పేజీ పైన పడే పంపినవారి నంబరును కూడా గుడ్డిగా నమ్మకూడదు. అది యంత్రం సొంతదారు మీటలు నొక్కి పెట్టుకున్న నంబరు. నిజమో కాదో సరిచూసే ఏర్పాటు టీ.30లో లేదు. నంబరులో ఒక అంకె తప్పితే రోగి రిపోర్టు ఎవరో తెలియనివాళ్ల ట్రేలో పడుతుంది. ఇలాంటి కారణాలతో ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య వ్యవస్థలో 2019 జనవరి నుంచి కొత్త ఫ్యాక్స్ యంత్రాలు కొనడాన్ని నిషేధించారు. ఇక పాత వేడి కాగితం సంగతి మీకు తెలిసిందే. దాని మీది అక్షరాలు కొంతకాలానికి వెలిసిపోతాయి. మీ ఇంట్లో పాత ఫైళ్లలో అలాంటి ఫ్యాక్స్ కాగితాలుంటే, ఉన్న అక్షరాలు పోకముందే జిరాక్స్ తీయించుకోండి.

ఇప్పుడు తీగలు కూడా మారిపోతున్నాయి. ఫైబర్ మీద వచ్చే ఫోన్లలో మాట ప్యాకెట్లుగా ముక్కలై వెళుతుంది. తక్కువ చోటులో పట్టడానికి కొన్ని పద్ధతులు మనిషి గొంతు తీరును బట్టి ధ్వనిని కుదిస్తాయి. గొంతు కాని హోరు వాటి చేతిలో చెదిరిపోతుంది. ఒక్క ప్యాకెట్ దారిలో పోయినా మాట అర్థమవుతుంది గాని ఫ్యాక్స్ వరుసలు పాడవుతాయి. పాత లైను మీద ఏళ్ల తరబడి నడిచిన యంత్రం కొత్త కనెక్షన్ మీద సగంలో ఆగిపోతే తప్పు యంత్రానిది కాకపోవచ్చు. దీనికి 1998లో టీ.38 అనే పద్ధతి వచ్చింది. ఇవతలి పరికరం ఫ్యాక్స్ మాటలను విని, బిట్లుగా విప్పి, ఇంటర్నెట్ మీద పంపుతుంది. అవతలి పరికరం వాటిని మళ్లీ ధ్వనిగా పలికిస్తుంది. రెండు ఫ్యాక్స్ యంత్రాలకూ మధ్యలో తీగ మారిన సంగతే తెలియదు. ఇప్పటికీ ఫ్యాక్స్ అవసరమైన ఆఫీసులవాళ్లు కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు ఈ టీ.38 సదుపాయం ఉందా అని అడిగి తీసుకోవడం మంచిది.

ఈమెయిలు వచ్చింది, ఫోన్‌లోనే ఫొటో తీసి పంపుకుంటున్నాం. ఫ్యాక్స్ కాలం చాలావరకు దాటిపోయింది. కానీ ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలకు నాదొక విన్నపం. టీ.30 పత్రాన్ని ఒక్కసారి చదవండి. అందరికీ అర్థమయ్యే వేగంతో మొదలుపెట్టాలని, ఎదుటివాడి శక్తి అడిగి తెలుసుకోవాలని, దారి చూసుకుని బయలుదేరాలని, అందిందన్న మాట వినేదాకా పని అయినట్టు భావించకూడదని అది నేర్పుతుంది. రేపు మీరు కట్టబోయే ఏ వ్యవస్థకైనా ఈ నాలుగూ కావాలి. ఆ నాలుగింటినీ రాసి పెట్టుకుని, ఆ మాట మీద నిలబడ్డారు కాబట్టే, 1980 ప్రమాణంతో చేసిన గ్రూప్ 3 యంత్రానికి ఈనాటి ఫ్యాక్స్ ఉన్న ప్రింటరు కూడా మంచి లైను దొరికితే ఒక పేజీ పంపగలదు.